కండక్టర్ లేని ఊళ్లలో: విదేశీ సెలవుల్లో ఎదురయ్యే చిన్న తేడాలు ఎక్కడి నుంచి వస్తాయి?

విశాఖలో సిటీ బస్సెక్కిన మనిషికి తెలియాల్సింది తను ఎక్కడ దిగాలన్నది ఒక్కటే. మిగతాదంతా కండక్టర్ చూసుకుంటారు. టికెట్ ఎంతో చెబుతారు, చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిస్తారు, మద్దిలపాలెం వచ్చిందని కేకేస్తారు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక, డబ్బు కట్టనక్కర్లేని ఆడవాళ్ల చేతిలో సున్నా టికెట్ పెట్టేదీ కండక్టరే. బస్సు నియమాలన్నీ ఒక మనిషి దగ్గర ఉంటాయి. తెలియకపోతే అడగొచ్చు. తప్పు చేస్తే అక్కడికక్కడే సరిచేస్తారు.

అదే విశాఖ నుంచి నేరుగా విమానమెక్కి సుమారు నాలుగు గంటల్లో చేరే సింగపూర్‌లో బస్సెక్కితే డ్రైవర్ తప్ప ఇంకెవరూ కనబడరు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గరి యంత్రానికి కార్డు తాకించాలి, దిగేటప్పుడు మళ్లీ తాకించాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఆఖరి స్టాపు దాకా ప్రయాణించినట్టు లెక్కేసి చార్జీ పడుతుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చాక కార్డు స్టేట్‌మెంట్ చూసుకుంటే తెలుస్తుంది. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు తాకించి ఎక్కడం కుదరదు. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు అదే కార్డు దాచుకున్న ఫోన్ తాకించినా యంత్రం ఆ ఒక్కరినీ ఇద్దరు వేరువేరు మనుషులుగానే చూస్తుంది. ఎత్తు 0.9 మీటర్లకి మించని పిల్లలకి పెద్దల వెంట టికెట్ అక్కర్లేదు.

సెలవులు గడిపి తిరిగొచ్చిన కుటుంబాల నోట ఎక్కువగా వినబడే మాటలు రెండు. "అక్కడ జనం ఎంత పద్ధతిగా ఉంటారో!" అన్నది ఒకటి. "అక్కడ మనిషికి మనిషి పట్టడు" అన్నది రెండోది. రెండూ ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చూసి ఇచ్చిన తీర్పులు. మన ఊళ్లో ఒక మనిషి జీతానికి చేసే పనిని అక్కడ ఒక యంత్రానికో, గోడ మీది బోర్డుకో, చాలాసార్లు మీకో అప్పగించారు. రోజువారీ తేడాల్లో అధికభాగం ఈ పని పంపకం దగ్గర పుట్టినవే. కాబట్టి కొత్త ఊళ్లో ఎక్కడ తడబడినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ఇక్కడ కండక్టర్ పని ఎవరు చేస్తున్నారు?

జర్మనీలో ఈ ప్రశ్న వేసుకోకపోతే డబ్బు పోతుంది. అక్కడి మెట్రో, ట్రామ్ స్టేషన్లలో చాలా చోట్ల గేట్లే ఉండవు. నేరుగా ప్లాట్‌ఫాం మీదికి నడిచి రైలెక్కేయొచ్చు. గేటు లేదంటే తనిఖీ లేదనుకుంటాం. కానీ మామూలు బట్టల్లో ఉన్న తనిఖీ సిబ్బంది ఎప్పుడో ఒకసారి ఎక్కుతారు, టికెట్ లేకపోతే 60 యూరోలు కట్టాలి. టికెట్ కొన్నా సరిపోదు. బెర్లిన్, మ్యూనిక్ లాంటి నగరాల్లో ముద్ర పడని కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాం మీదో బస్సులోనో ఉండే చిన్న పెట్టెలో దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్‌కీ టికెట్ లేకపోవడానికీ అక్కడ తేడా లేదు, ఎందుకంటే దాన్ని రేపు మళ్లీ వాడుకోవచ్చు కదా. ఇటలీలో ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్లకీ ఇదే పద్ధతి. కండక్టర్ చించే ముక్క స్థానంలో ఆ ముద్ర వచ్చింది. చించే బాధ్యత మీది.

తిన్న పళ్లెం ఎవరు తీయాలి?

సింగపూర్ హాకర్ సెంటర్లు అంటే ఒక పెద్ద కప్పు కింద పదుల కొద్దీ చిన్న అంగళ్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. మన బీచ్ రోడ్డు తిండి బళ్లన్నిటినీ ఒక షెడ్డు కిందికి తెచ్చి, ప్రతిదానికీ నీళ్లూ డ్రైనేజీ ఇచ్చినట్టు ఊహించుకోవచ్చు. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. విశాఖ నుంచి వెళ్లేవాళ్లు మొదటి రోజే ఇక్కడ తింటారు, మొదటి తడబాట్లూ ఇక్కడే.

ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ పేపర్ పొట్లం ఉంటుంది. ఎవరో మరిచిపోయారనుకుని పక్కకి జరిపి కూర్చుంటాం. అది సీటు ఆపుకున్న గుర్తు. మన పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టడం లాంటిదే, స్థానికులు దాన్ని "చోప్" అంటారు. కాబట్టి ముందు బల్ల చూసుకుని, ఒకరిని కూర్చోబెట్టి లేదా మీ పొట్లం పెట్టి, బల్ల నంబరు గుర్తుపెట్టుకుని, తర్వాత అంగడి ముందు వరసలో నిలబడాలి. డబ్బు ముందే ఇవ్వాలి. తాగేవాటికి వేరే అంగడి. నీళ్లు గ్లాసులో పెట్టి ముందుంచేవాళ్లు ఉండరు.

కాఫీ అడగడానికి అక్కడో చిన్న భాష ఉంది. ఉత్త "కోపీ" అంటే గట్టిపాలు, అంటే డబ్బాలో వచ్చే తియ్యటి చిక్కటి పాలతో ఇస్తారు. మన నాలుకకి అతి తీపి. "కోపీ సీ" అంటే తీపి లేని డబ్బాపాలు, విడిగా పంచదార. మన హోటలు కాఫీకి దగ్గరగా వచ్చేది ఇదే. "కోపీ ఓ" అంటే పాలు లేకుండా పంచదారతో. చివర "కొసోంగ్" అని చేరిస్తే పంచదార ఉండదు, "సియూ దాయ్" అంటే తక్కువ వేస్తారు, "పెంగ్" అంటే ఐసు. మధుమేహం ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే "కొసోంగ్" అన్న ఒక్క మాట నేర్చుకోవడం తప్పనిసరి.

తినడం అయ్యాక లేచి చేయి కడుక్కుని వెళ్లిపోవడం మన అలవాటు. ఎంగిలి విస్తరి తీసేవాళ్లు వేరే ఉంటారు. సింగపూర్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి హాకర్ సెంటర్లలో ఎవరి ట్రే వాళ్లే తీసి ర్యాకులో పెట్టాలని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి లిఖితపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 సింగపూర్ డాలర్ల జరిమానా. ట్రే ఒక్కటే తీస్తే చాలదు, వాడిన టిష్యూ, స్ట్రా, ఎముకలు బల్ల మీద వదిలినా తప్పే. ర్యాకులు కూడా రెండు రకాలుగా ఉండొచ్చు, హలాల్ ట్రేలకి ఒకటి, మిగతావాటికి ఒకటి. బోర్డు చూసి పెట్టాలి. ఇక్కడ పొరపాటు పడితే బాధ కలిగేది ముస్లిం అంగళ్లవాళ్లకి, కనుక జరిమానా ఉన్నా లేకపోయినా జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదే.

మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ పని ఇబ్బందిగా అనిపించడం సహజం. ఎంగిలి అంటుకోవడం ఒక కారణం, డబ్బిచ్చి తిన్నచోట కంచం ఎత్తడం చిన్నతనమన్న భావన ఇంకోటి. ఇంట్లో పిల్లల చేత కంచం ఎత్తిస్తాం కదా, అదే మర్యాద ఊరంతటికీ చాచారని చెబితే తొందరగా మనసుకెక్కుతుంది.

ధర ఎక్కడితో ఆగుతుంది?

జగదాంబ జంక్షన్‌లో ఒక షాంపూ సీసా కొంటే దాని మీద ఎమ్మార్పీ ఉంటుంది, పన్నులన్నీ కలిపి. ప్యాకెట్ సరుకుల నియమాలు ఆ ధరకి మించి అమ్మకూడదంటాయి. బేరమాడితే తగ్గాలి తప్ప పెరగదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి ప్రపంచమంతా ఇంతే అనుకుంటాం. నిజానికి ముద్రించిన గరిష్ఠ ధర చాలా దేశాల్లో లేదు. ఒకే నీళ్ల సీసా సూపర్ మార్కెట్‌లో ఒక ధర, స్టేషన్‌లో రెండింతలు, చూడదగ్గ కట్టడం ముందు మూడింతలు ఉండొచ్చు. అక్కడ అది మోసం కిందికి రాదు, గొడవపడితే లాభం లేదు. నాలుగు వీధులు అవతలకి నడిచి కొనుక్కోవడమే ఉపాయం.

సింగపూర్ రెస్టారెంట్ల మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. మొదటిది పది శాతం సర్వీస్ చార్జీ, రెండోది 2024 జనవరి నుంచి తొమ్మిది శాతమైన జీఎస్టీ. జీఎస్టీ సర్వీస్ చార్జీ మీద కూడా పడుతుంది. అందుకని 20 డాలర్ల వంటకం బిల్లులో 23.98 అవుతుంది, పందొమ్మిది శాతం కలిపి 23.80 కాదు. సర్వీస్ చార్జీ కట్టాక విడిగా టిప్ ఆశించరు. హాకర్ సెంటర్లో ఈ గుర్తులుండవు, రాసిన ధరే ధర.

అమెరికాలో లెక్క ఇంకో రకం. అరలో ఉన్న వస్తువు మీది ధరకి అమ్మకం పన్ను కౌంటర్ దగ్గర కలుస్తుంది, ఆ పన్ను రాష్ట్రానికో తీరు, ఊరికో తీరు. ఆరెగాన్‌లో అసలు లేదు, న్యూయార్క్ నగరంలో 8.875 శాతం. అందుకే చేతిలో లెక్కపెట్టుకున్న డబ్బు కౌంటర్ దగ్గర చాలదు. రెస్టారెంట్‌లో కూర్చుని తింటే 18 నుంచి 20 శాతం టిప్ మామూలు. మన కుటుంబాలు దీని దగ్గర చాలా బాధపడతాయి, "దోచుకుంటున్నారు" అన్న మాట కూడా వస్తుంది. కారణం చూడాలి. టిప్పులందుకునే కార్మికులకి యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం సమాఖ్య చట్టం ప్రకారం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాలు పూర్తి వేతనం ఇవ్వాలంటాయి, చాలా రాష్ట్రాలు అనవు. అంటే వడ్డించే మనిషి జీతంలో పెద్ద భాగాన్ని చట్టమే మీ చేతికి వదిలేసింది. ఇష్టం లేకపోతే కౌంటర్ దగ్గర కొనుక్కుని తినే చోట్లకి వెళ్లొచ్చు, కానీ కూర్చుని వడ్డన చేయించుకుని టిప్ ఎగ్గొట్టడం ఒకరి కూలి ఎగ్గొట్టడం కిందే లెక్క. జపాన్‌లో ఇదంతా తలకిందులు. బల్ల మీద డబ్బు వదిలితే మరిచిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు.

ఇటలీలో బిల్లులో "కోపెర్తో" అని తలకి ఒకటి రెండు యూరోలు కనబడితే అది కూర్చున్నందుకు, బ్రెడ్డుకి, బల్ల మీది గుడ్డకి. ఇద్దరు తిని నలుగురు కూర్చుంటే నలుగురికీ పడుతుంది. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఎక్కువ ధర. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో అడిగేదాకా బిల్లు తేరు. మన టిఫిన్ హోటళ్లలో ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే బిల్లు వస్తుంది, వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు కాబట్టి అది న్యాయమే. అక్కడ అడక్కుండా బిల్లు తెస్తే "ఇక లేవండి" అన్నట్టు. అందుకని ఆగుతారు, మనం పట్టించుకోవట్లేదనుకుంటాం.

కార్డు విషయంలో మూడు సంగతులు. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల మన కార్డులు మొదట దేశంలోనే పనిచేసేలా ఇస్తున్నారు. విదేశీ వాడకం, తాకించి చెల్లించే సదుపాయం, రెంటినీ బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవాలి. దుకాణంలో యంత్రం "రూపాయల్లోనా, స్థానిక డబ్బులోనా" అని అడిగితే స్థానిక డబ్బే ఎంచుకోవాలి. రూపాయల్లో అంటే మారకపు రేటు అక్కడి సంస్థ తన లాభం కలుపుకుని వేసుకుంటుంది. హోటల్ గదికి అడ్వాన్సుగా కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ సొమ్ము ఖాతాలోంచి కొన్ని రోజులు అందకుండా పోతుంది. అందుకు క్రెడిట్ కార్డు వాడి, డెబిట్ లేదా ఫారెక్స్ కార్డుని ఖర్చులకి ఉంచుకోవడం మేలు.

కొసరు దొరకని బజారు

1999 నుంచి ఉన్న రైతుబజార్లు మనకి ఒక అలవాటు నేర్పాయి. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో బెండకాయ మొన విరిచి చూస్తాం, వంకాయ ఒత్తి చూస్తాం, తూకమయ్యాక రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ కొసరు అడుగుతాం. ఇటలీలో సూపర్ మార్కెట్‌కి వెళ్లి ఉత్త చేత్తో టమాటా ఒత్తితే చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు మారతాయి. అక్కడ పళ్ల పక్కనే పల్చటి ప్లాస్టిక్ చేతి తొడుగులు ఉంటాయి. తొడుక్కుని, సంచిలో వేసుకుని, తూకం మీద పెట్టి, ఆ సరుకు దగ్గర రాసిన నంబరు నొక్కితే ధర స్టిక్కర్ వస్తుంది. దాన్ని సంచికి అంటించి కౌంటర్‌కి తీసుకెళ్లాలి. స్టిక్కర్ లేకపోతే వెనక్కి పంపుతారు, వెనక వరసలో వాళ్లంతా ఆగాలి. పారిస్ వీధి సంతల్లో మళ్లీ వేరు. చాలా అంగళ్లలో పండు అమ్మేవాడే ఏరి ఇస్తాడు. "ఇవాళ తినడానికా, రేపటికా?" అని అడిగి దానికి తగ్గట్టు ముగ్గినది ఇస్తాడు. మీరే ఏరడం మొదలుపెడితే అతని పనితనాన్ని శంకించినట్టు.

జర్మనీలో ట్రాలీ కావాలంటే దాని గొలుసులో యూరో నాణెం దూర్చాలి, తిరిగి పెడితే నాణెం వస్తుంది. నీళ్ల సీసా మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది. ఖాళీ సీసాని నలపకుండా దుకాణంలోని యంత్రంలో వేస్తే రసీదు ఇస్తుంది, అది చూపిస్తే డబ్బు. నలిపితే యంత్రం గుర్తు చదవలేదు. ఖాళీ సీసాలు కొనే మన పాత సామాన్ల బండి పనే ఇది. ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి, పెద్ద స్టేషన్లలోవి తప్ప. పసిపిల్లలతో శనివారం రాత్రి దిగేవాళ్లు పాల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

"వెజిటేరియన్" అంటే ఎవరికేమిటి?

మన ప్యాకెట్ల మీద పచ్చచుక్క ఉంటుంది. ఆ చుక్క పనిని అక్కడ మీ నోరు చెయ్యాలి. థాయ్‌లాండ్‌లో కూరగాయల వేపుడు అడిగితే కూరగాయలే వేస్తారు, కానీ ఉప్పు బదులు పడేది "నమ్ ప్లా", చేపలు ఊరబెట్టి తీసిన రసం. వంటవాడి దృష్టిలో అది మాంసం కాదు, రుచి. మన ఇంగువలాగా. అక్కడ "జే" అన్న మాట వాడాలి. దాని గుర్తు పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం, చూడటానికి 17 అంకెలా ఉంటుంది. జే వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకమాసం నియమం పాటించేవాళ్లకి ఇంతకంటే మంచి మాట దొరకదు. జపాన్‌లో ఉత్త ముల్లంగి పులుసు కూడా ఎక్కువగా "దాషి" తోనే కాస్తారు, ఆ దాషిలో ఎండుచేప ఉంటుంది. మలేసియా, సింగపూర్‌లలో "సంబల్" కారంలో రొయ్యల ముద్ద కలుస్తుంది. ఇటలీ పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు. కనుక "శాకాహారమేనా?" అని అడిగితే చాలదు. చేప ఉందా, రొయ్య ఉందా, గుడ్డు ఉందా, మాంసం కాచిన నీళ్లు పోశారా అని ఒక్కొక్కటే అడగాలి. ఆ నాలుగు ప్రశ్నలు స్థానిక భాషలో రాసిన చీటీ జేబులో పెట్టుకుంటే వంటవాళ్లు కూడా సంతోషిస్తారు.

ఇంటి నుంచి పట్టుకెళ్లే సరుకుల్లో గసగసాలు అన్నిటికంటే ప్రమాదం. మనకవి కోడికూర మసాలా, సింగపూర్‌కీ యూఏఈకీ అవి నిషిద్ధ వస్తువు, నల్లమందు మొక్క గింజలు కాబట్టి. విడిగానే కాదు, అమ్మమ్మ దంచి ఇచ్చిన మసాలా పొడిలో కలిసినా అదే మాట. యూరప్‌కి మాంసంతో పాటు పాల పదార్థాలు కూడా తీసుకెళ్లనివ్వరు, అంటే నెయ్యి, పాలకోవా వదిలేయాలి. అమెరికా పచ్చి కరివేపాకుని అనుమతించదు, నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీద వస్తుందన్న భయం. ఆవకాయ చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల ద్రవాల నిబంధన కిందికొస్తుంది. అది చెక్-ఇన్ సామానులో, రెండు పొరల కవరులో వెళ్లాలి.

పోపు, పొగ, నీళ్లు

అద్దె అపార్ట్‌మెంట్‌లో వంట చేసుకుందామనుకునే వాళ్లకి మొదటి పరీక్ష పోపు. ఎండుమిరపకాయ మాడితే వచ్చే పొగ మన వంటింట్లో కిటికీలోంచి పోతుంది. అక్కడి ఇళ్లు చలికి బిగించి కట్టినవి, పొగని పసిగట్టే పరికరం పైకప్పులోనే ఉంటుంది. అది నిప్పుకీ పోపుకీ తేడా చూడదు, గాలిలో తేలే సన్నటి కణాలు చూస్తుంది. పొయ్యి మీది చిమ్నీ ముందే వేసి, కిటికీ తెరిచి, నూనె పొగలెత్తే దాకా కాగనివ్వకుండా సన్న సెగ మీద వేయాలి. అయినా మోగితే అందరూ నడిచే వరండా వైపు తలుపు తెరవకండి. పొగ అటు పాకితే చాలా భవనాల్లో మొత్తం అలారం మోగి అందరూ కిందికి దిగాల్సి వస్తుంది. అగరుబత్తి, హారతికర్పూరం సంగతీ ఇంతే. ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియం గిన్నె వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి.

స్నానాల గది దగ్గర జరిగే నష్టం చాలామంది ఊహించరు. మన స్నానాల గది నేల మొత్తం వాలుగా ఉండి ఒక మూల తూముకి చేరుతుంది, గోడలదాకా తడిసినా ఫరవాలేదు. బ్రిటన్, అమెరికా, యూరప్‌లో చాలా ఇళ్లలో తూము తొట్టి లోపలో షవర్ గాజు గదిలోనో మాత్రమే ఉంటుంది. బయటి నేల పొడిగా ఉండటానికే కట్టారు, కొన్నిచోట్ల చెక్క. బకెట్‌తో బయట స్నానం చేస్తే నీళ్లు పలకల సందుల్లోంచి దిగి కింది వాటా సీలింగ్ మీద మచ్చగా తేలతాయి, మరమ్మతు ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది. తొట్టిలో నిలబడి, తెర అంచు తొట్టి లోపలికి వేసుకుని చేయాలి.

మరుగుదొడ్డిలో కాగితం వాడకం గురించి మనవాళ్లు "శుభ్రం లేదు" అని తేల్చేస్తారు. అంత తేలికగా అనేయకూడదు. ఇటలీలో 1975 నాటి నిబంధన ప్రతి ఇంట్లో కనీసం ఒక స్నానాల గదిలో నీళ్లతో కడుక్కునే బిడే ఉండాలంటుంది. థాయ్‌లాండ్‌లో మన హెల్త్ ఫాసెట్ లాంటిదే దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. జపాన్‌లో సీటులోంచే నీళ్లొస్తాయి. ఇవేవీ లేనిచోట ఒక అరలీటరు ఖాళీ సీసా చాలు, తర్వాత సీటూ నేలా తుడిచి రావాలి, తడి వదిలితే తర్వాతివాళ్లకి అది మురికి. కాగితాన్ని జర్మనీలో కమోడ్‌లోనే వేసి నీళ్లు వదలాలి. గ్రీస్‌లో చాలాచోట్ల వేయకూడదు, గొట్టాలు సన్నం, పక్కన బుట్ట ఉంటుంది. గోడ మీద బొమ్మ చూస్తే తెలుస్తుంది. యూరప్ స్టేషన్లలో మరుగుదొడ్డికి చిల్లర నాణేలు కావాలి, పిల్లలున్నవాళ్లు జేబులో వేరుగా ఉంచుకోవాలి.

రోడ్డు దాటేటప్పుడు

జగదాంబ దగ్గర చెయ్యి చూపించి, బండివాడి కళ్లలోకి చూసి దాటుతాం. హనోయిలో అదే పనికొస్తుంది. ఒకే వేగంతో నడవాలి, పరుగెత్తకూడదు, వెనక్కి అడుగెయ్యకూడదు, బైకులవాళ్లు మీ నడకని లెక్కేసుకుని తప్పుకుంటారు. జర్మనీలో జీబ్రా చారల దగ్గర నిలబడితే చాలు, కారు ఆగుతుంది. మీరు మొహమాటపడి "ముందు మీరెళ్లండి" అని చెయ్యి ఊపితే డ్రైవరూ మీరూ ఇద్దరూ ఇరుక్కుంటారు. సింగపూర్‌లో దాటే చోటుకి 50 మీటర్ల లోపు ఇంకెక్కడైనా దాటడం నేరం. యూరప్‌లో చాలా దేశాల్లో, అమెరికా, దుబాయ్‌లలో బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ముందు ఎడమకి చూడాలి. పిల్లలకి ఇది మాటతో చెబితే చాలదు, మొదటి రోజు చెయ్యి పట్టుకునే దాటించాలి, ఎందుకంటే మెడ అలవాటుగా కుడికే తిరుగుతుంది. జర్మనీ కాలిబాటల మీద వేరే రంగు పట్టీ సైకిళ్లది. దాని మీద నిలబడి ఫోటో తీసుకోవడం ప్రమాదం.

పని పంపకంతో తేలని సంగతులు

శరీరానికి, మాటకి సంబంధించిన తేడాలకి పైన వేసుకున్న ప్రశ్న పనిచెయ్యదు. థాయ్‌లాండ్‌లో తల పవిత్రం, పాదం నీచం. ముద్దొచ్చిన పసివాడి తల నిమరడం మనకి ఆశీర్వాదం, అక్కడ చేయకూడదు. బౌద్ధ భిక్షువుని ఆడవాళ్లు తాకకూడదు, ఏదైనా ఇవ్వాలంటే నేరుగా చేతికి అందించకుండా ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి. నోటు గాలికెగిరితే కాలితో తొక్కి ఆపకండి, దాని మీద రాజుగారి బొమ్మ ఉంటుంది, రాజుని అవమానించడం అక్కడ జైలుశిక్ష పడే నేరం. ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినబడితే ఉన్నచోట ఆగాలి. ఇవేవీ మనకి మరీ కొత్తవి కావు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం, అర్థమవుతాయి.

ఫ్రాన్స్‌లో దుకాణంలోకి అడుగుపెట్టగానే "బోంజూర్" అనాలి. అనకుండా "ఇదెంత?" అని మొదలుపెడితే జవాబు పొడిగా వస్తుంది, మనం వాళ్లకి పొగరు అనుకుంటాం. వాళ్ల దృష్టిలో చిన్న దుకాణం యజమాని ఇల్లు లాంటిది. గడపలో అడుగుపెట్టి పలకరించకుండా వస్తువు తడమడం మన ఇళ్లలోనూ బాగుండదు కదా. జపాన్ రైళ్లలో ఫోన్ మాట్లాడరు. మనవాళ్లు వీడియో కాల్‌లో అమ్మకి ఊరు చూపించేది సరిగ్గా అక్కడే.

అమెరికన్ "ఎలా ఉన్నారు?" అంటే నమస్కారం, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాల్సిన పని లేదు. కానీ థాయ్‌లాండ్‌లో ఇరుగుపొరుగు పలకరించుకునే మాట వింటే విశాఖవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. "గిన్ ఖావ్ రూ యంగ్?" అంటే అచ్చంగా "అన్నం తిన్నారా?" అనే. జవాబు కూడా మనలాగే పొట్టిగా. తింటే "గిన్ లేవ్", లేకపోతే "యంగ్". మగవాళ్లు చివర "ఖ్రాప్" అనీ, ఆడవాళ్లు "ఖా" అనీ చేర్చాలి. మన "అండీ" ఎదుటి మనిషిని బట్టి వస్తుంది, అది మాత్రం పలికే మనిషిని బట్టి మారుతుంది.